నా వాటాకొచ్చిన స్పీకరు

మా మామగారు పిచ్చయ్య గారు పోయాక జరిగిన పంపకాల్లో నా వాటాకి నాలుగెకరాల పామాయిల్ తోట, ఒక చూడి గేదె, ఇంట్లో వెనక వైపు రెండు గదులు, ఒక స్పీకరు వచ్చాయి. చివరిదాన్ని చూసి నవ్వకండి. దాని మూలంగా మిగతా మూడూ చేజారిపోయే రోజు వచ్చింది.

ముందు ఆ స్పీకర్ల సంగతి చెప్పాలి. దగ్గర్లో ఆయిల్ మిల్లు కడుతున్నప్పుడు మిషన్లు బిగించడానికి వచ్చిన మలేషియా ఇంజినీరు ఒకాయన మా మేడ మీద రెండేళ్ళు కిరాయికి ఉన్నాడు. తెలుగులో "పప్పు", "చాలు" అనే రెండు మాటలు నేర్చుకుని, ఆ రెండింటితోనే కాలం గడిపేసిన మంచి మనిషి. వెళ్ళేటప్పుడు తన సరంజామా అంతా మామగారికిచ్చి పోయాడు. నల్లటి రిసీవరు ఒకటి, సీడీల్లో సినిమాలు వేసే ప్లేయరు ఒకటి, స్పీకర్లు అయిదు. రిసీవరంటే మరేం లేదు, రేడియోనీ ఆంప్లిఫయర్‌నీ కలిపి ఒకే పెట్టెలో పెట్టారు. ముందు వైపు బోలెడు మీటలు, వెనక వైపు వైర్లు తగిలించే ఎర్రవీ నల్లవీ బొడిపెలు. మామగారు దాన్ని ఒక్క రోజు కూడా పెట్టలేదు. గుడ్డ కప్పి, దసరాకి బొట్టు పెట్టి, తొంభై ఏడులో కాలం చేశారు.

మా అత్తింటివాళ్ళు నలభై ఏళ్ళ కిందట గుడివాడ వైపు నుంచి వచ్చి అశ్వారావుపేటకి ఇవతల అడివి అంచున వ్యవసాయం మొదలుపెట్టారు. నీళ్ళు మారాయి, మాట సగం మారింది, పంపకాల పద్ధతి మాత్రం మారలేదు. ఆ వంశంలో ఏ వస్తువూ ఒక్కరి దగ్గర మొత్తంగా ఉండకూడదు. రుబ్బురోలు పెద్ద బావగారి వాటాకి పడితే, పొత్రం చిన్న బావగారి వాటాకి పడింది. ఇప్పటికీ ఎవరింట్లో ఇడ్లీ తినాలన్నా సందులో ఏదో ఒక రాయి దొర్లాల్సిందే. అలాంటివాళ్ళకి అయిదు స్పీకర్లు దొరికితే ఏం చేస్తారు? పంచుకున్నారు.

పెద్ద బావగారు వెంకటరామారావు గారు. ఇంటికి పెద్దకొడుకు గనుక జ్యేష్ఠ భాగమని చెప్పి, నిలువెత్తు స్పీకర్లు రెండూ ఆయన తీసుకున్నారు. రెండో ఆయన, అంటే చిన్న బావగారు, వెంకటనారాయణ గారు. కోర్టులో ఒక్క కేసూ గెలవకపోయినా ఖమ్మం ప్లీడర్లందరికీ పేరు పెట్టి పిలిచేంత దగ్గరయిన మనిషి. అడ్డంగా పడుకోబెట్టే స్పీకరు మీద సెంటర్ అని రాసి ఉంది కాబట్టి, నడిమివాడికి నడిమిదని ఆయనకిచ్చారు. మిగిలినవి రెండు బుల్లి డబ్బాలు. ఒకటి మా ఆడపడుచు ప్రమీలారాణి వదినకి పసుపు కుంకుమల కింద ఇచ్చారు. ఆవిడ పక్క సందులోనే ఉంటుంది. రెండోది నాకు. మా ఆయన ముగ్గురిలోనూ ఆఖరివాడు. రెండేళ్ళ కిందట కాల్వ గట్టు మీద ట్రాక్టరు తిరగబడి పోయాడు. పిల్లలు లేరు. అప్పటి నుంచి ఆ ఇంట్లో నేను హైమని కాదు, "పాపం ఆ పిల్ల"ని.

రిసీవరు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. దాన్ని ఉమ్మడి బావి కింద లెక్కగట్టి, టీవీ ఉన్న పెద్ద బావగారి హాల్లోనే ఉంచారు. అక్కడి నుంచి గోడల మీదుగా అందరి ఇళ్ళకీ వైర్లు లాగించారు. బొమ్మ పెద్దాయన ఇంట్లో, శబ్దం నలుగురికీ. రేడియోలో సినిమా విని బతికిన జనానికి ఇందులో వింతేమీ కనబడలేదు.

మధ్యవర్తి వెంకటప్పయ్య బాబాయి పెనుబల్లి నుంచి వచ్చాడు. మాటగా వాటాలు ఉగాదికే తేల్చి, కాగితం మాత్రం దసరా ముందు సోమవారం రాద్దామన్నాడు. అంతకుముందే చిన్న బావగారు ఒక షరతు పెట్టించారు.

"పంచుకున్నంక ఇది పనికిరాదు, అది పనికిరాదు అని ఎనక్కి తెచ్చుడు ఉండొద్దు బాబాయి. ఎవరు ఏ వస్తువు ఎనక్కి తెచ్చినా వాళ్ళ వాటా మొత్తం ఉమ్మడిల కలవాలె. లేకపోతే ఈ పంపకం తెమలదు" అన్నారు.

బాబాయికి ఆ మాట నచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఎవరో వట్టిపోయిన ఆవుని తిరిగి తెచ్చిస్తే ఆ పంపకం తొమ్మిదేళ్ళు సాగిందట. సరేనన్నాడు. ఉమ్మడిలో కలవడమంటే పెద్ద బావగారి చేతి కిందికి పోవడమే. నేనూ తలూపాను. గేదెని తిరిగిచ్చే ఉద్దేశం నాకేమీ లేదు.

నా నాలుగెకరాలూ అడివిని ఆనుకుని ఉంటాయి. ఉగాదికి పంచినప్పుడు కుక్క కూడా చూడని చెలక అని నా మొహాన కొట్టారు. మా ఆయన బోరు వేసి, అడివి పందులు రాకుండా కంచె కట్టి, ఒక్కో మొక్కకీ బిందెతో నీళ్ళు పోసి పెంచిన తోట అది. వానలు పడ్డాక చెట్లు మొదటి గెలలు వేశాయి. గెల కంటబడగానే బావగార్లిద్దరికీ నా మీద జాలి పొంగుకొచ్చింది. ఆడకూతురు, ఒంటరిది, తోట ఎట్లా చూసుకుంటుంది అని దారిన పోయేవాళ్ళతో కూడా అనడం మొదలుపెట్టారు.

వైర్లు లాగడం పూర్తయ్యి, కాగితానికి ఎనిమిది రోజుల ముందు ఆదివారం మధ్యాహ్నం మొదటి సినిమా వేశారు. పెద్ద బావగారింట్లో ఫైటింగులూ, మేళాలూ గోడలు అదిరేట్టు మోగాయి గానీ మనుషుల మాట నూతిలోంచి వచ్చినట్టుంది. చిన్న బావగారింట్లో అన్నీ మాటలే. పాట వస్తే తబలా లేదు, వాయిద్యం లేదు, ఒంటి గొంతుతో ఎవరో స్నానం చేస్తూ పాడుకుంటున్నట్టుంది. మా వీధి జనం హీరోయిన్ ఏడుపుకి ఒక ఇంటికీ, హీరో తన్నులకి ఇంకో ఇంటికీ పరిగెత్తి పరిగెత్తి అలిసిపోయారు. మా ఇంటికి ఎవరూ రాలేదు. నా డబ్బా నోరు మెదిపితేగా. మూడు గంటల సినిమాలో ఒకసారి వాన కురిసినట్టు, ఒకసారి కాకి అరిచినట్టు అనిపించింది. ఆ కాకి కూడా బయట చెట్టు మీదిదేమోనని నాకు అనుమానం.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు బావగార్లూ కలిసి మా గడపలోకి వచ్చారు. ఇద్దరూ కలిసి ఎక్కడికైనా వచ్చారంటే మంచికి కాదు.

"ఏందమ్మా హైమా, నీ డబ్బా పలకట్లేదంట?" అన్నారు పెద్దాయన.

"అప్పుడప్పుడు పలుకుతుంది బావగారూ."

"మూగదానితో నీకేం పనమ్మా. తెచ్చి నా హాల్ల పెట్టు. నేను బాగు చేయించి నీకు వినిపిస్త."

చిన్నాయన గోడకి ఆనుకుని, ఆ మాట తనది కానట్టు అడివి వైపు చూస్తున్నారు. షరతు పెట్టించిన నోరు ఆయనదే. నేను డబ్బా తీసుకెళ్ళి ఆ హాల్లో పెట్టిన మరుక్షణం వెనక్కిచ్చినట్టే, తోట ఉమ్మడిలో కలిసినట్టే. ఇంత పచ్చిగా అడుగుతారని నేను అనుకోలేదు. ఒళ్ళు మండింది.

"మూగదైనా నా దగ్గరే ఉండనీయండి. మాట్లాడేవాళ్ళు ఇంట్లో చాలామందే ఉన్నారు" అన్నాను.

"పలకదని వచ్చే సోమవారం నలుగుట్ల తేలితే నువ్వే ఇస్తవు తియ్" అని చిన్నాయన నవ్వారు.

వాళ్ళు వెళ్ళాక కూర్చుని ఏడవలేదు గానీ, గేదెని ఊరికే తిట్టాను. అది నా వంక చూసి తవుడు తిన్నది.

ఆ వారం నాతో గెలలు కొయ్యడానికి వచ్చిన ముత్తక్క అడివి లోపలి గూడెం మనిషి. కత్తికి పదునెంతో నోటికీ అంత పదును. మంగళవారం పెద్ద బావగారు అదే సినిమా మళ్ళీ వేశారు. మా అరుగు మీద మజ్జిగ తాగుతున్న ముత్తక్క చెయ్యెత్తి నన్ను ఆగమంది.

"అమ్మా, ఇది పలుకుతాంది" అంది.

"ఏం పలుకుతోంది?"

"ఎనక సప్పుడు. అడివిల నడుస్తుంటె మన ఎనకంగ ఆకులు కదుల్తయి చూడు, గట్ల. ముంగటి సంగతి దీనికి ఎరక లేదు."

చెవి ఆనించి విన్నాను. నిజమే. ఎక్కడో ఆకుల గలగల, దూరంగా ఉరుము. డబ్బా చావలేదు. దానికి చెప్పిన పనే అది. అయితే ఆ పని ఎవరు చెప్పారో చూడాలి కదా.

సినిమా అయ్యాక పెద్ద బావగారింటికి వెళ్ళాను. రిసీవరు ఉమ్మడి బావి గనుక నన్ను వద్దనే హక్కు ఎవరికీ లేదు. ఆయన తోటలో ఉన్నారు. ఆదెమ్మక్క, అంటే ఆయన భార్య, చింతపండు పిక్కలు తీస్తోంది. రిసీవరుతో వచ్చిన పుస్తకం ఏదని అడిగితే దేవుడి గూట్లో ఉందంది. పసుపు పూసి, దాని మీద కర్పూరం డబ్బా పెట్టారు. ఇంగ్లీషు పుస్తకం. నేను సత్తుపల్లిలో ఇంటర్ చదివాను. ఫిజిక్సులో ముప్పై అయిదు వచ్చాయి. పాసవడానికి ముప్పై అయిదే కావాలి, ఒక్కటి ఎక్కువ తెచ్చుకున్నా దండగే కదా.

నాలుగో పేజీలో బొమ్మ ఉంది. గదిలో అయిదు స్పీకర్లు. ముందు రెండు పక్కలా పొడుగువి, వాటి మధ్యలో అడ్డంది, వెనక అటూ ఇటూ బుల్లివి. మధ్యలో కుర్చీ ఉంది. ఒకటే కుర్చీ. నాకు నవ్వాగలేదు. ముందువి వాయిద్యానికట, మధ్యది మాటకట, వెనకవి చుట్టుపక్కల చప్పుడుకట. ఒక్క మనిషి చెవులకి పెట్టిన సరంజామాని వీళ్ళు నాలుగిళ్ళకి పంచారు. ఒకడికి కూర, ఒకడికి అన్నం, ఇద్దరికి విస్తరి ఇచ్చి, అందరూ భోంచేశారా అన్నట్టుంది.

అప్పుడే పెద్ద బావగారు వచ్చారు. ఉన్నది ఉన్నట్టు బొమ్మ చూపించి చెప్పాను. అదీ నా తెలివి.

"చూసినవా మరి. అందరూ ఒక్క కాడ ఉండాలనే ఆ పుస్తకంల కూడా రాసిండు. నీది, ప్రమీలది, నారాయణది అన్నీ తెచ్చి ఇక్కడ పెట్టుండ్రి. కలిసి కూసుని చూద్దాం" అన్నారు.

బొమ్మ ప్రకారం ఆయన మాట అక్షరాలా నిజం. ఆ కుర్చీ మాత్రం ఆయనది. ఆలోచించి చెప్తానని చెప్పి, పుస్తకం కొంగులో చుట్టుకుని ఇంటికొచ్చాను. రెండు రోజులు గెలల లెక్క మానేసి దాన్నే చదివాను. చదువుకునే రోజుల్లో ఇంత చదివి ఉంటే నన్ను ఈ ఇంటికి ఇచ్చేవాళ్ళు కాదు.

శుక్రవారం మధ్యాహ్నం బావగార్లిద్దరూ అశ్వారావుపేట పోయారు. ముత్తక్కని మా ఇంట్లో డబ్బా ముందు కూర్చోబెట్టాను. చప్పుడు వినబడగానే గట్టిగా కేకెయ్యమన్నాను. పెద్ద బావగారి హాలుకి వెళ్ళి టెస్ట్ అన్న మీట నొక్కాను. వైర్లు బాగున్నాయో లేదో చూసుకోవడానికి ఇంజినీర్లు పెట్టిన మీట అది. ఒక్కో స్పీకరు వంతు వచ్చినప్పుడు అందులోంచి బుస్సుమని చప్పుడొస్తుంది. ముందు ఎడమది బుస్సుమంది. తరవాత చిన్న బావగారింట్లోది అని ఉండాలి, ఎందుకంటే ఆయన భార్య నిర్మలాదేవి అక్క "గ్యాస్ లీకైంది, అందరూ బయటికి రండి" అని అరుస్తూ పొంగుతున్న పాలు వదిలేసి వీధిలోకి పరిగెత్తింది. ఆ గొడవలోనే వెనక నుంచి ముత్తక్క కేక వినబడింది.

"వచ్చిందమ్మా. పాము లెక్క బుసకొడ్తాంది."

వైరు బాగుంది, డబ్బా బాగుంది. ఇక కావలసింది పని మార్చడం. రిసీవరు వెనక వైపు జత స్పీకర్లు తగిలించడానికి రెండు వరసలు ఉంటాయి. ఎ అనే వరస ముందు స్పీకర్లకి. బి అనే వరస ఇంకో గదిలో ఇంకో జత పెట్టుకునేవాళ్ళకి. ఆ రెండో జతలో మాట, పాట, వాయిద్యం అన్నీ వస్తాయి. బి వరస ఖాళీగా పడి ఉంది. ఇంకో గదిలో కూడా మనుషులుంటారని మలేషియా ఇంజినీరు పుస్తకానికి తెలిసింది గానీ మా వాళ్ళకి తెలియలేదు.

"ఏం చేస్తున్నవే?" అంది ఆదెమ్మక్క.

"మా వైరు అటు నుంచి ఇటు మారుస్తున్నా అక్కా. ఉమ్మడిదే కదా."

"మార్చుకో. వాళ్ళు రాకముందే కానీ" అని వీధి తలుపు దగ్గరకి వేసి, మళ్ళీ చింతపండు ముందు కూర్చుంది. ఆ ఇంట్లో నా పక్షాన ఎవరో ఉన్నారని నాకు ఆ క్షణం వరకూ తెలియదు.

నా వైరు బి ఎడమకి, ప్రమీలారాణి వదిన వైరు బి కుడికి తగిలించి, ఎ, బి రెండు మీటలూ నొక్కాను. ఇందులో ఒక తిరకాసు ఉంది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. రెండు వరసలూ కలిపి నొక్కితే వెనక స్పీకర్లతో పాటు సెంటర్ స్పీకరు కూడా ఆగిపోతుంది, దాని మాట ముందు స్పీకర్లకే వెళ్తుంది. అది చూడలేదని చెప్పొచ్చు. కానీ అబద్ధమెందుకు, చదివాను. రెండుసార్లు చదివి మరీ నొక్కాను.

ఆదివారం సినిమాకి నా డబ్బాలో వాయిద్యంతో సహా పాట వచ్చింది. ప్రమీలారాణి వదిన గోడ మీద నుంచి తల పెట్టి, "హైమా, నాది మాట్లాడుతోంది, నీదో?" అని అడిగింది. పెద్ద బావగారింట్లో ఇప్పుడు మాట కూడా స్పష్టంగా వస్తోంది. తన హాలు మహత్యమే అనుకుని ఆయన మీసం దువ్వుకున్నారు. మా అరుగు మీద జనం పట్టలేదు. చిన్న బావగారింట్లో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. ఆయన డబ్బాని తట్టారు, కొట్టారు, తలకిందులు చేశారు. వైర్లు లాగిన ఎలక్ట్రీషియన్ని పిలిపించి తిట్టారు. వాడు వైరు చూసి బాగానే ఉందన్నాడు. అవును మరి, బాగానే ఉంది.

సోమవారం పొద్దున వెంకటప్పయ్య బాబాయి వచ్చి పెద్ద బావగారి హాల్లో కాగితాలు పరిచాడు. డబ్బా పలుకుతోంది నిజమే, కానీ వీళ్ళు ఇంకో సాకు తీయరని ఏముంది? తోట పోతే నేను ఆ ఇంట్లో వంట మనిషిని. మా ఆయన నాటిన చెట్ల కింద నడవాలన్నా ఎవరో ఒకరిని అడగాలి.

బాబాయి కలం మూత తీశాడో లేదో, చిన్న బావగారు సెంటర్ స్పీకర్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు తెచ్చి ఆయన ముందు పెట్టారు.

"బాబాయి, ఇది సచ్చింది. నాకొద్దు. హైమ దగ్గరున్నది మంచిగ పలుకుతాంది. అది నాకిప్పించు, ఇది ఆమెకియ్యి."

బాబాయి కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"నారాయణా, ఇది ఎనక్కి తెచ్చినవా?"

చిన్న బావగారు కోర్టుల్లో ఓడిపోయిన అనుభవం ఉన్న మనిషి గనుక ఓటమి వాసన తొందరగానే పట్టారు. ఆయన కంటే ముందు పెద్ద బావగారు పట్టారు.

"షరతు షరతే బాబాయి. వాడే పెట్టిండు. వాడి ఆరెకరాలు ఉమ్మడిల రాయి" అన్నారు, ఏమాత్రం తొట్రుపడకుండా. నా నాలుగెకరాల మీద పెట్టుకున్న జాలి అప్పటికప్పుడు తమ్ముడి మీదికి మళ్ళింది.

"అన్నా, నేను ఎనక్కియ్యలే. చూపియ్యను తెచ్చిన" అని చిన్నాయన డబ్బాని లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"పలకనిది నీకెందుకురా?"

"పలకకపోతే ఏంది? నా వాటా నాది కాకుండ పోతదా? నోరు లేనిదైతే దిక్కు లేనిదా?"

ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చింది. నేను నేర్పిన మాట కాదు, నేను ఆశ పడిన మాట కూడా కాదు. ఆ తరవాత అన్నదమ్ములిద్దరూ గంట సేపు తిట్టుకున్నారు. మామగారి పెళ్ళి నాటి ఉత్తరీయం ఎవరు తీసుకున్నారన్న దగ్గర్నుంచి పోయిన వారం పొత్రం అంచు ఎవరు పగలగొట్టారన్న దాకా అన్నీ వచ్చాయి. చివరికి బాబాయి విసుగెత్తి, షరతు కొట్టేసి, దాని చోట వేరే వాక్యం రాశాడు. చిన్న బావగారే పక్కన కూర్చుని మరీ రాయించారు. అందరికీ వినబడేలా బాబాయి చదివాడు.

"ఇచ్చిన వస్తువు పలికినా పలకకపోయినా, ఇచ్చిన భూమి కాసినా కాయకపోయినా, ఎవరి వాటా వారిదే. మరొకరు అడగరాదు. అడివి పక్క నాలుగెకరాల తోట హైమకు."

సంతకం చేస్తుంటే నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. బిందె భుజాన పెట్టుకుని మొక్కల మధ్య నడిచే మనిషి కళ్ళ ముందు మెదిలాడు. ఆయన చేసిన కష్టం పరాయిది కాలేదన్న సంతోషం నన్ను ముంచేసింది. నేను ఏడుస్తుంటే చిన్న బావగారికి చిరాకేసింది.

"నువ్వెందుకమ్మా ఏడుస్తవు? నీ డబ్బా పలుకుతాంది. ఏడవాల్సింది నేను" అన్నారు, మూగ స్పీకర్ని ఒళ్ళో పెట్టుకుని.

కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

"ఆదివారం మా ఇంటికి రండి బావగారూ, కూర్చుని విందురు గాని" అన్నాను.

ఆ వెనక రెండు గదుల్నీ మా ఇల్లని నలుగురి ముందు అనడం నాకదే మొదటిసారి. ఎవరూ దిద్దలేదు.